ఎరువు సొమ్ము

దానికి సొంత కొవ్వు లేదు.
నేను చేరిన రోజు ఇష్‌బెల్ చెప్పిన మొదటి మాట అది,
క్లోరోఫామ్ సీసా మూత బిగిస్తూ.
వైరస్‌కి నూలు లేదు, మగ్గం లేదు.
ఏ కణంలో పుడితే ఆ కణం అంచునే
ఇంత చింపి, ఒంటికి చుట్టుకుని పోతుంది.

గ్లాస్గోలో నవంబరు. నాలుగింటికే చీకటి.
క్లైడ్ మీంచి వచ్చే గాలికి కిటికీ అద్దాలు గిలగిలమంటుంటే
ఒకే ఫ్లూని రెండు చోట్ల పెంచాం:
కోడిగుడ్డులో కొంత,
కుక్క మూత్రపిండపు కణాల్లో కొంత.
ఆ కుక్క పోయి అరవై ఏళ్లు దాటింది.
దాని కణాలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

వడగట్టి, గిరగిరా తిప్పి, గాజు గొట్టంలో కుదిపితే
పైకి నీరు తేలింది, అడుక్కి కొవ్వు దిగింది.
కవ్వం లేని చిలకడం, తలకిందుల వెన్న.
మెషీన్‌కి అందిస్తే తెర మీద కొండలు లేచాయి.
గుడ్డులో పుట్టింది కోడి కొవ్వు కట్టుకుంది,
కుక్కలో పుట్టింది కుక్క కొవ్వు.
లోపలి రాత ఒకటే, పొల్లు పోలేదు.
బట్టే వేరు.

అదీ ఏ గుడ్డ పడితే ఆ గుడ్డ కాదు.
కణం గోడంతా ఒకే నేత అనుకునేదాన్ని.
పల్చగా జారిపోయే చోట్లుంటాయట,
పాల మీద మీగడలా గట్టిపడి తేలే చోట్లుంటాయట,
కొలెస్ట్రాలూ స్ఫింగోమైలినూ ఒత్తుగా కూడినవి.
సరిగ్గా అక్కడే పెడుతుంది కత్తెర.
"రుచి తెలిసిన దొంగ," అంది ఇష్‌బెల్
ఎత్తైన కొండని పెన్సిల్ కొసతో తట్టి.

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు.
దీనికి బరువూ లేదు, చేటూ లేదు,
సబ్బు నురగ తగిలేదాకా.

డిసెంబరు రెండో వారం ఇష్‌బెల్ దగ్గింది.
ల్యాబులోది కాదు, మనవడి బడిలోది.
మూడో రోజు నేను దగ్గాను.

పార్టిక్‌లో, మూడో అంతస్తులో, రెండు దుప్పట్ల కింద
నూటరెండు జ్వరంతో లెక్క కట్టాను.
నా గొంతులో దిగిన మొదటివి
ఇష్‌బెల్‌ని కట్టుకుని వచ్చుంటాయి:
టోస్టు మీద ఆమె మందంగా రాసే వెన్న,
శుక్రవారాల వేపుడు చేప,
అన్నీ అరిగి, విరిగి, ఎలాగో ఆ పొరలోకి చేరినవే.
లోపలికొస్తూ అవి బట్ట విప్పి పారెయ్యవు.
నా పొరలో ఆ పొర కలిపేస్తాయి,
పులుసు మీద నూనె చుక్క పక్క చుక్కలో కలిసిపోయినట్టు.
అంటే ఆమెవి కొన్ని అణువులు
ఇప్పుడు నా గోడలో ఉన్నాయి.
ఎన్ని? మా మెషీన్‌కి కూడా చిక్కనన్ని.
అయినా గొంతు మీద చెయ్యి పెట్టుకుని
చాలాసేపు అలాగే పడుకున్నాను.

ఇక బయల్దేరేవి నన్ను కట్టుకుని పోతాయి.
గోంగూర పచ్చడి మీద తేలిన నువ్వుల నూనె,
వంట మానేసిన రాత్రుల్లో
నా కాలేయం తనకి తానే వండుకున్నది.
జ్వరం ఇంకా తెలియని సోమవారం, బస్సులో
నా పక్కన ఎర్ర ఉన్ని టోపీ పిల్లాడు కూర్చున్నాడు.
కిటికీ ఆవిరి మీద వేలితో చేపని గీశాడు.
నేను తల తిప్పి తుమ్మాను, చాలినంత తిప్పలేదు.
నా అంచు ముక్క ఒకటి వాడి ముక్కులోకి వెళ్లుంటుంది,
తెల్లారేసరికి దాని పిల్లలు వాడి బట్ట కట్టుంటాయి.
ఏమీ అనుకోకు నాన్నా.

జనవరిలో తిరిగెళ్తే నోట్‌బుక్‌లో
కోడి, కుక్క అని రాసిన గళ్ల పక్కన
మూడోది గీసి ఖాళీగా వదిలి ఉంది.
"అనుమతి ఫారం ఇరవై మూడు పేజీలు," అంది ఇష్‌బెల్,
"మన కఫానికి అంత మర్యాద ఎందుకులే."

సింకు దగ్గర పక్కపక్కన చేతులు కడుక్కున్నాం.
ఇరవై అంకెలు, ఆమె ఇంగ్లీషులో, నేను తెలుగులో.
ఎవరి కట్టుబట్ట ఏదో తేలకుండానే
నురగ గొట్టంలోకి జారింది.
ఆమె పదిహేడు దగ్గర ఆపేసింది.
ఎప్పుడూ అంతే.